మద్దెల ఓడైతేనే మేలు

కోవిల్‌పట్టిలో మా ఇంటి బీరువా మూడో అరలో, మా ఆవిడ పట్టుచీరల వెనక, లోకం ఛీకొట్టిన వీడియో గేములు తొమ్మిది ఉన్నాయి. చుట్టాలెవరైనా బీరువా తెరిస్తే చీరలు చూసి ఆగిపోతారు. ఆగిపోవాలనే అక్కడ పెట్టాను. నాకు యాభై మూడేళ్లు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. కాలేజీకెళ్లే కొడుకున్నాడు. అలాంటివాణ్ణి రాత్రి రసం అన్నం తిని, తలుపు గడియ వేసి, ఒక బొమ్మను ఈ గట్టు మీంచి ఆ గట్టుకి దూకించలేక చెమటలు కక్కుతున్నానని ఊళ్లో తెలిస్తే, రేపు మావాడికి పిల్లనెవరిస్తారు?

తాగుడో పేకాటో అయితే ఇంత దాచుకోనక్కర్లేదు. వాటికి మర్యాద లేకపోయినా తోడైనా ఉంటుంది. పోనీ ఈ గేముల్లోనే పేరున్నవి ఆడితే పిల్లకాయల దగ్గర కాస్త గౌరవం దొరికేది. నేనాడేవి పేరు వినగానే వాళ్లు కడుపు పట్టుకుని నవ్వేవి. ఒకసారి మావాడి స్నేహితుడు నా డిస్కుల పెట్టె చూసి, "అంకుల్, ఇవి మీకెవరైనా ఊరికే ఇచ్చారా?" అని చాలా మర్యాదగా అడిగాడు. అవునన్నాను. ఒక్కోటీ డబ్బు పెట్టి కొన్నవే.

మా ఆవిడది విరుదునగర్. నా మేనమామ కూతురే. అందుకే పెళ్లయి ఇరవై నాలుగేళ్లయినా "బావా" అనే పిలుస్తుంది, చిన్నప్పుడు నా లెక్కల పుస్తకం చింపి పారిపోతూ పిలిచినట్టే. విరుదునగర్ అంటే కామరాజ్ 1903లో పుట్టిన ఊరని అందరికీ తెలుసు. వ్యాపారం చేసేవాళ్లకి తెలిసింది ఇంకోటుంది. కందిపప్పు, మినప్పప్పు, ఎండుమిరప, నూనె, వీటి ధరలు ఆ ఊరి బజారులో తేలుతాయి. తమిళ పత్రికలు విరుదునగర్ మార్కెట్ ధరలని ప్రత్యేకంగా అచ్చు వేస్తాయి. మా మామ ఆ బజారులోనే గుమాస్తా. కాబట్టి మా ఆవిడ చేతిలో ఏ వస్తువు పెట్టినా ఒక్కసారి పైకీ కిందికీ ఆడించి ధర చెప్పేస్తుంది. ఆ ధర మీద అప్పీలు లేదు.

2010లో హైదరాబాద్ నుంచి పొంగల్ సెలవులకొస్తూ, "హనుమాన్: బాయ్ వారియర్" అనే ప్లేస్టేషన్ 2 గేము తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. పైకీ కిందికీ ఆడించింది. "నలభై" అంది. "డబ్బా మీద ఆంజనేయస్వామి ఉన్నాడు కాబట్టి నలభై. లేకపోతే ఇరవై."

నేనెంత పెట్టి కొన్నానో ఆమెకి ఇప్పటికీ చెప్పలేదు. ఈ వ్యాసంలోనూ చెప్పను, ఆమె తెలుగు చదవలేకపోయినా మావాడు చదివి వినిపించగలడు.

హైదరాబాద్ సంగతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. మావాళ్లు కొన్ని వందల ఏళ్ల కిందట తెలుగునేల వదిలి ఈ నల్లరేగడికి వచ్చినవాళ్లు. మా పక్క ఊరు ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఆ వలసనే 1976లో "గోపల్ల గ్రామం" అని తమిళంలో నవలగా రాశారు. దాని తర్వాతి నవలకి 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడి, తమిళంలో రాసి, రెండింటినీ గెలిచిన మనిషాయన. నేనూ రెండు భాషల మనిషినే. రెండు చోట్లా తప్పులు దొర్లుతాయి. 2008లో ఉద్యోగం కోసం ఒంటరిగా హైదరాబాద్ వెళ్లేదాకా నాకు తెలుగు అక్షరాలు రావు. సిటీ బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్నాను. నా అక్షరమాల కోఠితో మొదలై మెహిదీపట్నంతో ముగుస్తుంది.

మాట మాత్రం వచ్చనుకున్నాను. మా వైపు బండిని తమిళ వాసనతో "వండి" అంటాం. ఒకరోజు ఆఫీసుకి లేటయింది. "వండి రిపేరు సార్, అందుకే లేటు" అన్నాను. మేనేజరుగారు జాలిగా చూసి, "వంట మీరే చేసుకుంటారా?" అన్నారు. సాయంత్రానికి ఆఫీసంతా నన్ను "ఏం వండారు?" అని పలకరించింది. మూడేళ్లూ అదే పలకరింపు. అంటే నా తెలుగుకి ఆ ఊళ్లో ఐదుకి ఒకటిన్నర స్టార్లు పడ్డాయన్నమాట. (ఇక్కడ నా భాష తిన్నగా కనిపిస్తే ఆ పుణ్యం దిద్దినవాళ్లది.)

ఆ ఒంటరితనంలో, పనయ్యాక ఎవరితో మాట్లాడినా "ఏం వండారు?" అంటారన్న భయంతో, సెకండ్ హ్యాండ్ ప్లేస్టేషన్ 2 ఒకటి కొన్నాను. దానితో ఆడుకుంటే తెలుగు అక్కర్లేదు.

షాపువాడు ఒక మూల బుట్టలో పడేసినవి చూపించి "ఇవైతే తక్కువకి వస్తాయి సార్, ఎవరూ తీసుకోవట్లేదు" అన్నాడు. అందులో ఉంది ఆ హనుమాన్ గేము. 2009లో వచ్చింది. తయారైంది హైదరాబాద్‌లోనే. ప్లేస్టేషన్ 2కి మొత్తంగా మన దేశంలోనే తయారైన మొదటి గేమని చెప్పుకున్నారు దాన్ని. అది బజారుకి రాగానే రెండు వైపుల నుంచి వాతలు పడ్డాయి. అమెరికాలో నెవాడా నుంచి రాజన్ జెడ్ అనే హిందూ నాయకుడు, దేవుణ్ణి బటన్లు నొక్కి ఆడించడం అపచారమన్నారు. ఆడినవాళ్లు, అపచారం సంగతి తర్వాత, అసలు ఆటే అపచారమన్నారు. బొమ్మలు బాలేవన్నారు, దూకుడు బాలేదన్నారు. నాకు మాత్రం దాన్ని చూడగానే సొంత మనిషి కనబడ్డట్టయింది. హైదరాబాద్‌లో పుట్టి అక్కడే ఎవరూ పట్టించుకోనిది ఒకటి, హైదరాబాద్‌కి వచ్చి ఎవరికీ అర్థం కానివాడు ఒకడు. ఇద్దరం కలిసి గదికి వెళ్లాం.

అక్కణ్ణించి అదో పిచ్చి అయింది. సినిమా వచ్చిన 2008లోనే హైదరాబాద్‌లో తయారైన "గజినీ" గేము తెచ్చుకున్నాను. అది ఆడాలంటే కంప్యూటరు కావాలి, నా దగ్గర లేదు, అయినా తెచ్చుకున్నాను. ఏళ్ల తరబడి డబ్బాలోనే ఉంది. గజినీకి గుర్తుండదు కాబట్టి తొందరేమీ లేదనుకున్నాను. తర్వాత "డాన్ 2". దాని ముహూర్తం చూడండి. ప్లేస్టేషన్ 2 తయారీ ఆపేశామని సోనీ 2013 జనవరిలో ప్రకటిస్తే, ప్లేస్టేషన్ 2 కోసం ఆ గేము అదే ఏడాది వచ్చింది. పెళ్లయిపోయి పందిరి గుంజలు పీకుతుంటే మేళగాళ్లు దిగినట్టు. అలాంటి మేళం విననివాళ్లకి ఆ బాధ తెలియదు. నేను కూర్చుని పూర్తిగా విన్నాను.

2011లో ఊరికి వచ్చేశాను. పెట్టెలో గుడ్డల కన్నా డిస్కులు ఎక్కువ. పాత డబ్బా టీవీ కోసం మా ఆవిడతో పదేళ్లు పోరాడాను. కొన్ని కొత్త పల్చటి టీవీలకి ప్లేస్టేషన్ 2 తీగలు పట్టవు. ఆ తీగలు మూడు. పసుపుది బొమ్మకి, తెలుపూ ఎరుపూ ధ్వనికి. పసుపు, విభూతి, కుంకుమ అని నేను గుర్తు పెట్టుకున్నాను. డబ్బా టీవీని పాతసామాన్లవాడికి వేసేద్దామని మా ఆవిడ అన్నప్పుడల్లా, పసుపూ కుంకుమా ఉన్న టీవీని బయటికి పంపకూడదని వాదించేవాణ్ణి. ఆ వాదన ఆమె దగ్గర ఎలా నెగ్గిందో నాకే తెలియదు. టీవీకి మటుకు ధర కట్టేసింది: నూట ఇరవై, రిమోట్ లేదు కాబట్టి నూరు.

నా బలహీనత మొత్తం ఇంటికి తెలిసింది మాత్రం ఫౌజి దెబ్బతో. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన కొట్లాటలో మన జవాన్లు చనిపోయారు. సెప్టెంబరు 2న ప్రభుత్వం 118 చైనా యాప్‌లని నిషేధించింది, అందులో తుపాకుల గేము పబ్జీ ఒకటి. మా ఇంట్లో ఆ రోజు మావాడు అన్నం తినలేదు. విరుదునగర్‌లో మా బావమరిది పిల్లలిద్దరూ తినలేదు. మా అత్త ఫోను చేసి "ఎవరు పోయారు?" అని కంగారుగా అడిగింది. రెండు రోజులకే ఫౌజి అనే స్వదేశీ గేము రాబోతోందని అక్షయ్ కుమార్ ప్రకటించాడు. ఇళ్లలో మళ్లీ పొయ్యిలు వెలిగాయి.

2021 జనవరి 26న అది వచ్చింది. అందరూ ఒకేసారి దించుకున్నారు. మధ్యాహ్నానికి ఒక్కొక్క ఇంటి నుంచీ శాపనార్థాలు మొదలు. తుపాకి లేదు! పబ్జీకి బదులనుకుని తెరిస్తే, గల్వాన్ లోయలో నడుచుకుంటూ పోయి పిడికిళ్లతో, కర్రలతో కొట్టుకోవాలి. పిల్లలు ఒక్కో స్టారు ఇచ్చి, తిట్లు రాసి, తీసేశారు. దేశమంతటా అదే తంతు, స్టార్లు జారిపోతూ వచ్చాయి.

నేను తీసేయలేదు. ఆ సాయంత్రం హాల్లో పిల్లల్ని కూర్చోబెట్టి క్లాసు పీకాను. 1996లో భారత్, చైనా ఒప్పందం చేసుకున్నాయి, వాస్తవాధీన రేఖకి రెండు కిలోమీటర్ల లోపు తుపాకి పేల్చకూడదని. గల్వాన్‌లో నిజంగా జరిగింది రాళ్లతో, కర్రలతో జరిగిన కొట్లాటే. కాబట్టి తుపాకి లేకపోవడమే ఈ గేములో నిజాయితీ! నేను చరిత్ర చెప్పాననుకున్నాను. మావాడు నోరు తెరిచాడు. "నాయనా, ఇది గేము. నిజాయితీ ఉంటే న్యూస్ చూసుకుంటాం కదా." తర్వాత వాళ్లలో వాళ్లు గుసగుసలాడుకుని నాకో స్టారు ఇచ్చారు. ఆటకి కాదు, నాకు.

ఫౌజిలో నాకు నచ్చింది ఇంకోటుంది. దెబ్బలు తిన్నాక చలిమంట దగ్గర కూర్చుంటే ప్రాణం తేరుకుంటుంది. కోవిల్‌పట్టి ఉక్కలో బనీను తడిసిపోతుండగా, ఫ్యాను కింద పడుకుని, ఫోనులో మంచులో చలి కాచుకోవడం ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. పిల్లలు గెలవడానికి ఆడతారు. నేను ఆ చలిమంట కోసం ఆడేవాణ్ణి. కొట్లాట ఎలాగూ ఓడిపోతాను.

తిట్లు చదవడం కూడా నాకొక వ్యసనమే. తీసుకున్న గేము గురించి లోకం ఏమంటోందో రాత్రిళ్లు చదువుకుంటాను, కూతుర్ని అత్తవారింట్లో ఎంత బాధ పెడుతున్నారో పక్కింటివాళ్లని అడిగి తెలుసుకునే తండ్రిలా. అలా తెలిసినవే కొన్ని సంగతులు. 2020 జూన్ 19న "ది లాస్ట్ ఆఫ్ అస్" రెండో భాగం విడుదలైంది. ఆడి ముగించాలంటే ఇరవై గంటల పైమాటే. అదే రోజు మెటాక్రిటిక్ అనే మార్కుల సైటులో వేలమంది సున్నాలు వేసేశారు. ఆకు మీద నీళ్లు చల్లకముందే సాంబారులో ఉప్పు చాలదన్నట్టు. ఆ దెబ్బకి మెటాక్రిటిక్‌వాళ్లు జులైలో కొత్త నియమం పెట్టారు, గేము వచ్చాక ముప్పై ఆరు గంటల దాకా మామూలు జనం మార్కులు వేయకూడదని. మా ఇంట్లో కూడా అలాంటి నియమం కావాలని కోరాను. నేను కూర చేసిన రోజు ముప్పై ఆరు గంటలు ఎవరూ మాట్లాడకూడదు. "ముప్పై ఆరు గంటలకి అది పాచిపోతుంది బావా" అంది మా ఆవిడ.

ఈ తిట్లలో మా కులదైవం ఒకటుంది, "ఈ.టి." అని. 1982లో అటారీ కంపెనీది. హవార్డ్ స్కాట్ వార్షా అనే ఆయన, అంతకుముందు మంచి పేరు తెచ్చుకున్న గేము చేసినవాడు, దీన్ని ఐదు వారాల్లో చేయాల్సి వచ్చింది. క్రిస్మస్‌కి అమ్మాలి కదా. అందులో ఈ.టి. అనే ఆ పాపపు జీవి అడుగడుక్కీ గుంటల్లో పడుతుంది, పైకి తేలుతుంది, మళ్లీ పడుతుంది. అమ్ముడుపోనివాటిని 1983లో న్యూ మెక్సికోలోని అలమొగోర్డో చెత్తకుప్పలో పాతిపెట్టారు. గుంటల ఆటని గుంటలోనే పాతారు. 2014 ఏప్రిల్‌లో మళ్లీ తవ్వి తీశారు. జనం దుమ్ముగాలిలో నిలబడి చూశారట.

నవ్వొద్దు. మా అత్తగారి జిల్లాలోనే, శివకాశి దగ్గర వెంబకోట్టైలో, 2022లో పురావస్తు శాఖ తవ్వకాలు మొదలుపెట్టింది. గాజులు, పూసలతో పాటు కాల్చిన మట్టితో చేసిన ఆటకాయలు కూడా దొరికాయి. ఎవరో ఎన్నడో నేల మీద గళ్లు గీసి ఆడుకున్నవి. ఆ ఫోటో చూసిన దగ్గర్నుంచీ నాకొకటే సందేహం: ఆ ఆట అసలు బాగుండేదా? చుట్టూ చేరినవాళ్లు ఏమనేవాళ్లు? ఎన్ని స్టార్లు ఇచ్చారో ఎవరూ ఏ కుండ పెంకు మీదా గీసి పెట్టలేదు. కాయలున్నాయి.

ఒక గేము మాత్రం నన్ను మోసం చేసింది. "నో మ్యాన్స్ స్కై", 2016 ఆగస్టులో వచ్చింది. అందులో పద్దెనిమిది పక్కన పద్దెనిమిది సున్నాలు పెట్టినన్ని గ్రహాలు. లెక్కల మనిషిని, సున్నాలు వేసి చూసుకున్నాను. చెప్పినవి చాలా లేవనీ, ఆ గ్రహాల మీద చేయడానికి పనే లేదనీ లోకం దుమ్మెత్తి పోసింది. 2017లో మా ఇంటికి కంప్యూటరు వచ్చాక నేను దించుకున్నాను. పని లేకపోవడమే కదండీ దాని గొప్పతనం! పొద్దంతా అగ్గిపెట్టెల బండిళ్లు, కూలీల లెక్కలు, పన్నుల కాగితాలు చూసి వచ్చినవాడికి, ఊదారంగు గడ్డి, ఎవరూ లేని కొండ, లెక్క అడిగేవాడు లేని ఆకాశం. ఒక గంట నడిచి, ఏమీ చేయకుండా, తిరిగి వచ్చేవాణ్ణి. తయారుచేసినవాళ్లు మాత్రం పట్టుదల మనుషులు. ఏళ్ల తరబడి ఉచితంగా ఒక్కోటీ చేర్చుకుంటూ పోయారు. 2018లో ఇతర మనుషులు కూడా ఆ గ్రహాలకి రావడం మొదలైంది. ఖాళీ స్థలం పక్కన కొత్త కాలనీ లేచినట్టు! 2024కల్లా తిట్టినవాళ్లే మెచ్చుకున్నారు, దాని మార్కులు "చాలా బాగుంది"కి చేరాయి. నేను ఆడటం మానేశాను.

మానేశాక ఎందుకు మానేశానా అని ఆలోచించలేదు. ఆలోచించేలా చేసింది మా బావమరిది.

పోయిన పంగుని పొంగల్‌కి విరుదునగర్ వెళ్లాం. పరాశక్తి మారియమ్మన్ జాతర. ఊరంతా వేపాకు వాసన. రాత్రి బావమరిది పరోటాలు తెచ్చాడు. విరుదునగర్ పరోటా పెనం మీద కాలేది కాదు, నూనెలో మునిగి వేగేది. చేతితో పట్టుకుంటే అరచెయ్యి దీపపు ప్రమిదలా మెరుస్తుంది. తిన్నాక అతను "బావా, మీరు ఎప్పుడూ ఆ చెత్తే ఆడతారు, ఒక్కసారి మంచిది ఆడండి" అని "ఎల్డెన్ రింగ్" పెట్టాడు. 2022లో ఏడాది ఉత్తమ గేముగా బహుమతి కొట్టినది.

గుహలోంచి బయటికి రాగానే పచ్చటి మైదానం, బంగారు చెట్టు, ఎదురుగా బంగారు కవచంతో గుర్రం మీద ఒక రౌతు. మూడు సెకన్లలో చంపేశాడు. "చేతికి నూనె" అన్నాను. సబ్బుతో కడుక్కుని వచ్చాను. చంపేశాడు. "సోఫా ఎత్తు" అన్నాను. నేల మీద కూర్చున్నాను. చంపేశాడు. "వెలుగు పడుతోంది" అంటే కిటికీ మూశారు. పదిహేడోసారి చచ్చాక, గదిలో నా వయసు, నా చేతులు, నేను తప్ప తప్పు పట్టడానికి ఏమీ మిగల్లేదు. గేములో లోపం లేదని లోకమంతా ముద్ర వేసింది. బావమరిది చిన్న కొడుకు, పదకొండేళ్లవాడు, ఆ రౌతుని దాటుకుని చెట్ల చాటుగా పక్కనుంచి నడిచిపోయి చూపించాడు. పక్కనుంచి పోవచ్చని నాకు తట్టలేదు.

ఆ రాత్రి మేడ మీద పడుకుని, జాతర డప్పులు వింటుంటే, మా అవ్వ అనే సామెత గుర్తొచ్చింది. ఆడలేనమ్మ మద్దెల ఓడందట. అవ్వ నన్నే ఎక్కువగా అనేది. అంతకాలం నేను గొప్పగా చెప్పుకున్నదంతా అక్కడ కరిగిపోయింది. దీనుల పక్షం, తిరస్కరించిన కళకి ఆదరణ, హైదరాబాద్ ఒంటరితనం, తుపాకుల ఒప్పందం, అన్నీ నిజమే, కాని వాటి కింద అసలు నిజం ఇంకోటుంది. మద్దెల నిజంగానే ఓడైతే, ఆడలేనమ్మ సంగతి ఎవరికీ తెలియదు. మంచి గేము ఓడిస్తే ఓడింది నేను. చెడ్డ గేము ఓడిస్తే, చూశారా, లోకమే అంది కదా. పదిహేనేళ్లుగా నేను వెతికి వెతికి ఓడు మద్దెలలే కొంటున్నాను.

ఈ జ్ఞానోదయం ఎవరికీ చెప్పకుండా ఊరికి వచ్చేశాను. అంతటితో పోయుంటే ఈ వ్యాసమే లేదు.

హనుమాన్ గేములో ఒక చోటు ఉంది. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి దూకాలి. నేను 2011 నుంచి అక్కడే ఉన్నాను. చంటి హనుమంతుడు సూర్యుణ్ణి పండనుకుని ఆకాశానికి ఎగిరినవాడు, తర్వాత సముద్రం దాటినవాడు, నా చేతిలో మాత్రం ఆరడుగుల సందు దాటలేక పడిపోతూ ఉంటాడు. ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను, ఆ చోట గేము పాడని, ఎవరివల్లా కాదని. లోకం కూడా దూకుడు బాలేదనే అంది కదా. ఏడాదికి రెండుసార్లు, దీపావళికీ పొంగల్‌కీ, అక్కడ దూకి పడిపోయి, "చూశారా?" అనేవాణ్ణి.

మూడు వారాల కిందట, ఒక ఆదివారం పొద్దున. కుక్కరు పొయ్యి మీద ఉంది. మా ఆవిడ మూడు కూతల కోసం చూస్తూ, చాటలో వేరుసెనగ గింజలు ఏరుతూ, నా వెనక కూర్చుంది. ఈ ఊరి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చినా, బెల్లం పాకం తనకే బాగా కుదురుతుందని ఆమె నమ్మకం. నేను దూకాను, పడ్డాను. దూకాను, పడ్డాను. మొదటి కూత.

"ఇటివ్వు" అంది.

"గేము పాడైందని చెప్పానా లేదా?"

"తెలుసు. ఇటివ్వు."

పైటకొంగుకి చేతులు తుడుచుకుని, కంట్రోలర్‌ని పైకీ కిందికీ ఆడించి చూసింది, అలవాటు. ఏది దూకేది అని అడిగింది. చూపించాను. మొదటిసారి పడింది. రెండో కూత. రెండోసారి పడింది, నేను ఊపిరి పీల్చుకున్నాను. మూడోసారి గట్టు చివరిదాకా పోయి, ఒక క్షణం ఆగి, దూకింది. హనుమంతుడు అవతలి గట్టు మీద నిలబడ్డాడు. పద్నాలుగేళ్లలో ఆ గట్టు మీది రాళ్లని నేను మొదటిసారి దగ్గరగా చూశాను.

మూడో కూత వచ్చింది. ఎవరూ లేవలేదు. నాలుగోది కూడా వచ్చింది. ఆ రోజు పప్పు మాడింది, ముప్పై ఆరు గంటలు ఆగకుండా అందరం ఆ మాట అనేశాం.

"ఎలా?" అన్నాను.

"నువ్వు దూకేటప్పుడు కళ్లు మూసుకుంటావు బావా" అంది. "చిన్నప్పుడు మా ఇంటి బావిలో దూకేటప్పుడూ అంతే."

మావాడు గది గుమ్మంలో నిలబడి ఇదంతా ఫోనులో తీశాడు. విరుదునగర్‌కి పంపాడు కూడా. మధ్యాహ్నానికి బావమరిది పిల్లల దగ్గర్నుంచి అత్తకి ఐదు స్టార్లు వచ్చాయి. నా పాత స్టారు అలాగే ఉంది.

మూడు వారాలుగా రాత్రి అన్నాలయ్యాక కంట్రోలర్ నా చేతికి రావట్లేదు. ఎనిమిది ఎంబీ మెమరీ కార్డులో ఇప్పుడు ఆ గేముకి రెండు సేవ్‌లు ఉన్నాయి. ఒకటి 2011 నాటిది, గట్టుకి ఇవతల. రెండోది ఎంత దూరం పోయిందో నేను అడగటం లేదు. నిన్న పడుకోబోయే ముందు ఆమె ధర కూడా సవరించింది. "నలభై అన్నాను కదా, తప్పు. డెబ్బై ఐదు. దూకుడు సరిగ్గానే ఉంది. మంచి ఆట."

అంటే ఆ మద్దెల ఓడు కాదని తేలిపోయింది. ఇంక దాన్ని నేను ముట్టుకోలేను. కాబట్టి పాఠకులకి ఒక మనవి. మీ అటకల మీద నిజంగా పాడైన, ఎవరివల్లా కానిదని పదిమంది ఒప్పుకున్న గేము ఏదైనా ఉంటే నాకు అమ్మండి. ప్లేస్టేషన్ 2ది అయితే మరీ మంచిది. విరుదునగర్ ధర ఇస్తాను. మా ఆవిడకి మాత్రం చూపించకండి.